భాగం - 9 : మార్గరెట్ డేహాఫ్ విద్యా జీవితం - బయోఇన్ఫర్మాటిక్స్ ఆవిర్భావం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 గణితం నుంచి రసాయనశాస్త్రానికి
9.3 విరామం, తిరిగి రాక
9.4 ముక్కలను కలిపిన కంప్యూటరు
9.5 ప్రోటీన్ల అట్లాస్
9.6 ఒంటి అక్షరం సంకేతాలు
9.7 పరిణామాన్ని లెక్కించడం
9.8 సేకరణ పరిశోధన అవుతుందా?
9.9 దత్తాంశం ఎవరిది?
9.10 చివరి రోజులు, వారసత్వం
9.11 సారాంశం
9.12 ముఖ్య పదాలు
9.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- మార్గరెట్ డేహాఫ్ విద్యా జీవితంలోని ముఖ్య ఘట్టాలను కాలక్రమంలో వివరించగలుగుతారు.
- ప్రోటీన్ అనుక్రమాలను కూర్చడానికి కంప్యూటరు ఎలా ఉపయోగపడిందో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
- అట్లాస్, ఒంటి అక్షరం సంకేతాలు, పామ్ మాత్రికల ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.
- సమాచార సేకరణకు శాస్త్రరంగంలో గుర్తింపు ఎందుకు ఆలస్యంగా దక్కిందో విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో ప్రోటీన్ల నిర్మాణాన్ని గురించి తెలుసుకున్నారు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి చేరి ఏర్పడిన గొలుసు అనీ, ఆ అమైనో ఆమ్లాలు 20 రకాలనీ, అవి ఏ వరసలో ఉన్నాయన్నదే ఆ ప్రోటీన్ చేసే పనిని చాలావరకు నిర్ణయిస్తుందనీ చదివారు. ఆ వరసనే అనుక్రమం అంటాం.

ఇవాళ మీరు సెల్‌ఫోన్‌లో ఇంటర్నెట్ తెరిచి 'యూనిప్రాట్' అనే దత్తాంశ నిధిలోకి వెళ్తే కోట్ల అనుక్రమాలు ఉచితంగా కనిపిస్తాయి. రుసుము కట్టనక్కరలేదు, ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఇంత సులభంగా అందే ఈ సమాచారం మొదట ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా ఒకచోట చేరింది? ఆ పని చేసినవారికి అప్పటి శాస్త్రలోకం ఎలాంటి విలువ ఇచ్చింది? ఈ భాగంలో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతుకుతాం.

అందుకు ఒక ప్రొఫెసర్ జీవితాన్ని ఆధారంగా తీసుకుంటున్నాం. ఆమె పేరు మార్గరెట్ ఓక్లీ డేహాఫ్ (1925-1983). 'బయోఇన్ఫర్మాటిక్స్' అనే మాటను 1970లో నెదర్లాండ్స్‌కు చెందిన పౌలీన్ హోగెవెగ్, బెన్ హెస్పర్ వాడుకలోకి తెచ్చారు. డేహాఫ్ పని మొదలుపెట్టే నాటికి ఆ పేరు లేదు, ఆ పేరుతో విశ్వవిద్యాలయ శాఖలు లేవు, పాఠ్యపుస్తకాలూ లేవు. పేరు పెట్టకముందే ఒక శాస్త్రం ఎలా పుడుతుందో అర్థం చేసుకోవడానికి ఆమె జీవితం మంచి ఉదాహరణ.

9.2 గణితం నుంచి రసాయనశాస్త్రానికి

మార్గరెట్ బెల్ ఓక్లీ 1925 మార్చి 11న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. తల్లి హైస్కూలు గణిత ఉపాధ్యాయిని, తండ్రి చిన్న వ్యాపారి. వారికి ఆమె ఒక్కతే సంతానం. ఆమెకు పదేళ్ల వయసులో కుటుంబం న్యూయార్క్‌కు మారింది. 1942లో బేసైడ్ హైస్కూలులో ప్రథమురాలిగా ఉత్తీర్ణురాలై, ఉపకార వేతనంతో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన వాషింగ్టన్ స్క్వేర్ కళాశాలలో చేరారు. 1945లో గణితంలో పట్టభద్రురాలయ్యారు.

ఆ తరవాత కొలంబియా విశ్వవిద్యాలయంలో జార్జి కింబల్ పర్యవేక్షణలో క్వాంటమ్ రసాయనశాస్త్రంలో పరిశోధన చేశారు. ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించండి. కర్బన అణువుల అనునాద శక్తిని కనుక్కోవడానికి వేల సంఖ్యలో లెక్కలు చేయాలి. చేత్తో చేస్తే నెలలు పడుతుంది. ఆ రోజుల్లో బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో లెక్కల కోసం పంచ్ కార్డు యంత్రాలు వాడేవారు. మందపాటి అట్టముక్కకు నిర్ణీత స్థానాల్లో రంధ్రాలు చేస్తే యంత్రం వాటిని అంకెలుగా చదివేది. వ్యాపార లెక్కల కోసం తయారైన ఆ యంత్రాలనే మార్గరెట్ అణువుల లెక్కలకు వాడారు. ఐబీఎం సంస్థ కొలంబియాలో నెలకొల్పిన వాట్సన్ కంప్యూటింగ్ ప్రయోగశాల ఆమెకు ఫెలోషిప్ ఇచ్చింది. కింబల్‌తో కలిసి రాసిన ఈ పరిశోధన పత్రం 1949లో వెలువడింది.

ఒక రంగం కోసం పుట్టిన పనిముట్టును మరో రంగంలోని చిక్కుముడి విప్పడానికి వాడటం ఆమె విద్యా జీవితమంతటా కనిపిస్తుంది. తరవాతి విభాగాలు చదివేటప్పుడు ఈ విషయం మనసులో ఉంచుకోండి.

9.3 విరామం, తిరిగి రాక

1948లో భౌతికశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ డేహాఫ్‌తో ఆమె వివాహమైంది. ఆ ఏడాది నుంచి 1951 వరకు రాక్‌ఫెల్లర్ సంస్థలో విద్యుత్ రసాయనశాస్త్రంలో పనిచేశారు. 1952లో కుటుంబం మేరీలాండ్ రాష్ట్రానికి మారింది. ఇద్దరు కుమార్తెల పెంపకం కోసం ఆమె కొన్నేళ్లు పరిశోధనకు దూరంగా ఉన్నారు. 1957లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఎలిస్ లిపిన్‌కాట్ వద్ద రసాయన బంధాలపై పనిచేసే ఫెలోషిప్‌తో తిరిగి వచ్చారు.

ఈ విరామానికి ఆమె మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1960ల ఆరంభంలో ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు పరిశోధన నిధుల కోసం దరఖాస్తు చేసినప్పుడు, వేగంగా మారుతున్న ఈ రంగంతో ఆమెకు కొంతకాలంగా దగ్గర సంబంధం లేదన్న అభ్యంతరం వచ్చింది. పిల్లలను పెంచిన ఏళ్లు దరఖాస్తులో ఖాళీగా కనిపించాయి. చదువుకు మధ్యలో విరామం వచ్చి, ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ దూరవిద్య ద్వారా మళ్లీ పుస్తకం పట్టిన మీలో చాలామందికి ఇది పరిచయమైన అనుభవమే అయి ఉంటుంది.

1960లో రాబర్ట్ లెడ్లీ అనే శాస్త్రజ్ఞుడు నేషనల్ బయోమెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను స్థాపించారు. ఆయన దంతవైద్యం, భౌతికశాస్త్రం రెండూ చదివినవాడు. జీవశాస్త్రంలోనూ వైద్యంలోనూ కంప్యూటర్లు తప్పనిసరి అవుతాయని ముందే ఊహించినవాడు. శరీరమంతటినీ చిత్రించగల సీటీ స్కానర్‌ను 1970లలో రూపొందించింది ఆయనే. ఈ ఫౌండేషన్‌లో డేహాఫ్ సహాయ సంచాలకురాలిగా చేరి, 21 ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు.

9.4 ముక్కలను కలిపిన కంప్యూటరు

డేహాఫ్ ఎదుర్కొన్న సమస్యను అర్థం చేసుకోవాలంటే ఆనాడు అనుక్రమాన్ని ఎలా కనుక్కునేవారో తెలియాలి. ఫ్రెడరిక్ శాంగర్ 1950ల మొదటి సగంలో ఇన్సులిన్‌లోని 51 అమైనో ఆమ్లాల వరసను పూర్తిగా నిర్ణయించారు. ఆ పనికి 1958లో నోబెల్ బహుమతి వచ్చింది. 51 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌కే ఏళ్ల తరబడి శ్రమ పట్టింది.

పొడవైన గొలుసును ఒకేసారి చదవడం సాధ్యం కాదు. అందువల్ల ఎంజైములతో దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క వరసను విడిగా కనుక్కునేవారు. కోశాక ముక్కలన్నీ కలగలిసిపోతాయి. ఏది ముందో ఏది వెనకో తెలియదు. 10 ముక్కలు ఉంటే వాటిని వరసగా పేర్చడానికి 36,28,800 విధానాలు ఉన్నాయి.

ఒకే ఉత్తరానికి రెండు నకళ్లు ఉన్నాయనుకోండి. రెండింటినీ వేరువేరు చోట్ల చింపారు. మొదటి నకలు ముక్కలు చూసి వాటి క్రమం చెప్పలేం. కాని రెండో నకలులోని ఒక ముక్క మొదటి నకలులోని రెండు ముక్కల అతుకు మీదుగా వస్తే, ఆ రెండూ పక్కపక్కన ఉండేవని తెలిసిపోతుంది. ఒక ఉదాహరణ చూద్దాం.

మొదటి ఎంజైము ఇచ్చిన ముక్కలు: తక, గలవ, సప
రెండో ఎంజైము ఇచ్చిన ముక్కలు: వస, పతక, గల

రెండో వరసలోని 'వస'ను చూడండి. 'వ'తో ముగిసే ముక్క 'గలవ', 'స'తో మొదలయ్యే ముక్క 'సప'. కనుక 'గలవ' తరవాత 'సప' రావాలి. అలాగే 'పతక' అన్న ముక్క 'సప', 'తక' ముక్కలను కలుపుతుంది. అసలు గొలుసు 'గలవసపతక' అని తేలింది.

ఇక్కడ అక్షరాలన్నీ వేరువేరు కాబట్టి పని తేలికైంది. నిజమైన ప్రోటీన్‌లో అవే అమైనో ఆమ్లాలు పదేపదే వస్తాయి. ముక్కలు డజన్లకొద్దీ ఉంటాయి, కొన్ని పోతాయి, కొన్నింటిలో తప్పులుంటాయి. మనిషి కాగితం మీద కలపబోతే ఏదో ఒక అవకాశాన్ని చూడకుండా దాటేస్తాడు. డేహాఫ్, లెడ్లీ ఈ పనిని ఐబీఎం 7090 కంప్యూటరుకు అప్పగించారు. ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన ఆ ప్రోగ్రాము పేరు 'కాంప్రోటీన్'. దాన్ని 1962లో ఒక కంప్యూటరు సదస్సులో ప్రకటించారు. సాధ్యమైన అమరికలన్నింటినీ అది నిమిషాల్లో పరిశీలించగలిగింది. ఇవాళ జన్యు పదార్థాన్ని ముక్కలుగా చదివి కలిపే ప్రోగ్రాములన్నీ ఈ ఆలోచనకు వారసులే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
1. ప్రోటీన్‌ను రెండు వేరువేరు ఎంజైములతో ఎందుకు కోయాలి?
2. 'మనస', 'రవి' అనే ముక్కలు ఒక ఎంజైము నుంచి, 'మన', 'సరవి' అనే ముక్కలు రెండో ఎంజైము నుంచి వచ్చాయి. అసలు గొలుసు ఏది?

9.5 ప్రోటీన్ల అట్లాస్

1960ల ఆరంభానికి అనుక్రమాలు ఒక్కొక్కటిగా వివిధ పత్రికల్లో వెలువడుతున్నాయి. ఒక శాస్త్రజ్ఞుడు గుర్రం హిమోగ్లోబిన్‌ను మనిషి హిమోగ్లోబిన్‌తో పోల్చాలనుకుంటే వేరువేరు పత్రికల పాత సంచికలు తిరగేయాలి. ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతిలో రాసేవారు. అచ్చులో తప్పులు దొర్లేవి.

డేహాఫ్, రిచర్డ్ ఎక్, మరి కొందరు సహచరులతో కలిసి వాటన్నింటినీ సేకరించి, సరిచూసి, ఒకే పద్ధతిలో అమర్చి 1965లో 'అట్లాస్ ఆఫ్ ప్రోటీన్ సీక్వెన్స్ అండ్ స్ట్రక్చర్' అనే పుస్తకంగా ప్రచురించారు. ఆనాటికి తెలిసిన 65 ప్రోటీన్ల అనుక్రమాలు అందులో ఉన్నాయి. ప్రపంచంలోని ప్రోటీన్ అనుక్రమాల సమాచారమంతా ఒక పలుచని పుస్తకంలో ఇమిడిన రోజులవి. ఆ తరవాత కొత్త కూర్పులు, అనుబంధాలు 1978 వరకు వెలువడ్డాయి. ప్రతిసారీ పుస్తకం లావెక్కింది.

ఇది కేవలం కత్తిరించి అతికించే పని కాదు. ప్రతి అనుక్రమాన్ని మూల పత్రంతో సరిచూడాలి. రెండు ప్రయోగశాలల ఫలితాలు విభేదిస్తే ఏది సరైనదో తేల్చాలి. బంధుత్వం ఉన్న ప్రోటీన్లను పక్కపక్కన పేర్చాలి. అలా పేర్చినప్పుడే డేహాఫ్‌కు ప్రోటీన్లు కుటుంబాలుగా, ఆ కుటుంబాలు మహాకుటుంబాలుగా విడిపోతాయని కనిపించింది. వేల ప్రోటీన్లు ఉన్నా వాటి మూలాలు చాలా తక్కువేనన్న ఆలోచన ఈ వర్గీకరణ నుంచే బలపడింది.

అనుక్రమంలో ఒక్క స్థానం ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. మన రెండు రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధికి కారణం హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ ఉండటం. 1950లలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఈ ఒక్క మార్పును గుర్తించారు. జబ్బు, అనుక్రమం, పరిణామం మూడింటినీ ఒకచోట చూసే వీలు ఇలాంటి సంకలనాల వల్లే కలిగింది.

9.6 ఒంటి అక్షరం సంకేతాలు

అమైనో ఆమ్లాల పేర్లను అప్పట్లో మూడేసి అక్షరాలతో సూచించేవారు. గ్లైసిన్‌కు 'జి-ఎల్-వై', అలనిన్‌కు 'ఏ-ఎల్-ఏ' ఇలా. మనిషి చదవడానికి ఇది బాగానే ఉంటుంది. కాని ఒక పంచ్ కార్డులో 80 నిలువు వరసలే ఉండేవి. మూడక్షరాల చొప్పున రాస్తే ఒక కార్డు మీద 26 అమైనో ఆమ్లాలే పడతాయి. ఒంటి అక్షరంతో రాస్తే 80 పడతాయి. పోల్చి చూడటం కూడా తేలికవుతుంది.

డేహాఫ్ బృందం తమ పనిలో ఒంటి అక్షరం సంకేతాలను వాడి వ్యాప్తిలోకి తెచ్చింది. 1968లో అంతర్జాతీయ సంఘాలు ఈ పద్ధతిని లాంఛనంగా ప్రకటించాయి. దీని వెనక ఉన్న తర్కాన్ని గమనిస్తే మీకు సంకేతాలు సులువుగా గుర్తుంటాయి.

(అ) మొదటి అక్షరం మరి దేనికీ లేని వాటికి అదే అక్షరం ఇచ్చారు. ఉదా: హిస్టిడిన్‌కు 'హెచ్', సిరిన్‌కు 'ఎస్', వేలిన్‌కు 'వి'.
(ఆ) ఒకే అక్షరంతో మొదలయ్యేవి ఎక్కువగా ఉంటే, ప్రోటీన్లలో తరచుగా కనిపించే దానికి ఆ అక్షరం ఇచ్చారు. అందువల్లే 'ఎల్' ల్యూసిన్‌కు దక్కింది.
(ఇ) మిగిలిన వాటిలో కొన్నింటికి ఉచ్చారణను ఆధారం చేసుకున్నారు. ఫినైల్ అలనిన్‌కు 'ఎఫ్', ఆర్జినిన్‌కు 'ఆర్'.
(ఈ) ట్రిప్టోఫాన్‌కు 'డబ్ల్యు' ఇచ్చారు. దాని అణువులో జంట వలయం ఉంటుంది. ఆ అక్షరం కూడా జంటగానే ఉందని గుర్తుపెట్టుకోవచ్చు.
(ఉ) లైసిన్‌కు, అక్షరమాలలో 'ఎల్' పక్కనే ఉన్న 'కె' ఇచ్చారు.

ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది. కాని ప్రపంచంలో ఏ ప్రయోగశాలలో అనుక్రమం రాసినా ఇవాళ ఈ అక్షరాలతోనే రాస్తున్నారు.

9.7 పరిణామాన్ని లెక్కించడం

అనుక్రమాలను పక్కపక్కన పెట్టి చూస్తే జీవుల మధ్య బంధుత్వం తెలుస్తుంది. 1966లో ఎక్, డేహాఫ్ ఫెరిడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్‌ను పరిశీలించారు. దాని మొదటి సగం, రెండో సగం ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. ఇంకా లోతుగా చూస్తే, అంతకన్నా చిన్న తునక ఒకటి అనేకసార్లు పునరావృతమై ఈ ప్రోటీన్ ఏర్పడి ఉండాలని వారు ప్రతిపాదించారు. కోట్ల ఏళ్ల కిందటి ఆనవాళ్లు బతికి ఉన్న కణంలోనే దొరుకుతాయన్నమాట. ప్రోటీన్ అనుక్రమాల ఆధారంగా కంప్యూటరుతో వంశవృక్షాలు గీయడంలోనూ వారు తొలి అడుగులు వేసినవారే.

అయితే రెండు అనుక్రమాలు ఎంత దగ్గరగా ఉన్నాయో అంకెల్లో చెప్పడం ఎలా? ఎన్ని స్థానాల్లో తేడా ఉందో లెక్కపెడితే సరిపోదా? సరిపోదు. ఐసోల్యూసిన్ స్థానంలో వేలిన్ వస్తే ప్రోటీన్‌కు పెద్ద నష్టం ఉండదు. రెండూ ఒకే స్వభావం కలవి. ట్రిప్టోఫాన్ స్థానంలో మరొకటి వస్తే ప్రోటీన్ పని చెడిపోయే ప్రమాదం ఎక్కువ. అలాంటి మార్పు వచ్చిన జీవి సాధారణంగా నిలవదు. అంటే అన్ని మార్పులనూ ఒకే తూకంతో కొలవకూడదు.

డేహాఫ్ బృందం దగ్గరి బంధుత్వం ఉన్న 71 ప్రోటీన్ల సమూహాలను తీసుకుని, వాటిలో 1572 మార్పులను లెక్కించింది. ఏది దేనిగా ఎంత తరచుగా మారిందో పట్టిక వేసింది. దీనినే పామ్ మాత్రిక అంటారు. ప్రకృతి ఆమోదించిన ఉత్పరివర్తనలు మాత్రమే ఇందులో లెక్కకు వస్తాయి. 100 అమైనో ఆమ్లాలకు ఒక మార్పు జరిగే పరిణామ దూరాన్ని 1 పామ్ అంటారు. ఈ మాత్రికను దానితోనే పదేపదే గుణిస్తే ఎక్కువ దూరాలకు మాత్రికలు వస్తాయి. దూరపు బంధువులను గుర్తించడానికి వాడే పామ్ 250 ఇలా వచ్చిందే.

పామ్ 250లోని కొన్ని విలువలు చూడండి.
ట్రిప్టోఫాన్ - ట్రిప్టోఫాన్ : 17
సిస్టీన్ - సిస్టీన్ : 12
ఐసోల్యూసిన్ - వేలిన్ : 4
ఆస్పార్టిక్ ఆమ్లం - గ్లుటామిక్ ఆమ్లం : 3
ట్రిప్టోఫాన్ - సిస్టీన్ : -8

ట్రిప్టోఫాన్ మారకుండా నిలిస్తే ఎక్కువ మార్కులు. స్వభావం కలిసిన మార్పుకు కొన్ని మార్కులు. అరుదైన మార్పుకు కోత. ఈ మార్కుల మొత్తాన్ని బట్టి రెండు ప్రోటీన్లు బంధువులో కాదో నిర్ణయించవచ్చు. 1978లో ప్రచురించిన ఈ పద్ధతి చాలాకాలం ప్రమాణంగా ఉంది. 1992లో బ్లోసమ్ మాత్రికలు వచ్చి చాలా సందర్భాల్లో దాని స్థానాన్ని తీసుకున్నాయి. అయినా మార్పులను గమనించి మార్కులు ఇవ్వాలన్న మూల ఆలోచన మాత్రం మారలేదు.

ఈ పద్ధతుల ఫలితం 1982లో స్పష్టంగా కనిపించింది. కోళ్లలో క్యాన్సర్ కలిగించే ఒక వైరస్‌లోని 'సార్క్' ప్రోటీన్, క్షీరదాల కణాల్లో మామూలుగా పనిచేసే ఒక కైనేజ్ ఎంజైము పరస్పరం బంధువులని వినోనా బార్కర్, డేహాఫ్ చూపారు. కొత్త ప్రయోగం చేయకుండానే, ఉన్న అనుక్రమాలను పోల్చడం ద్వారా క్యాన్సర్ పరిశోధనకు ఉపయోగపడే విషయం బయటపడింది.

ఆమె ఆసక్తి ప్రోటీన్లకే పరిమితం కాలేదు. లిపిన్‌కాట్, ఎక్, కార్ల్ సేగన్‌లతో కలిసి శుక్రగ్రహ వాతావరణ పరిణామంపై 1967లో ఒక పత్రం ప్రచురించారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
1. రెండు అనుక్రమాల మధ్య తేడాలను ఊరికే లెక్కపెడితే ఎందుకు చాలదు?
2. పామ్ 250లో ట్రిప్టోఫాన్‌కు 17 విలువ ఎందుకు వచ్చింది?

9.8 సేకరణ పరిశోధన అవుతుందా?

ఇంతవరకు చదివిన తరవాత, ఇంత పనిచేసిన వ్యక్తికి శాస్త్రలోకం పెద్దపీట వేసి ఉంటుందని మీకు అనిపించవచ్చు. వాస్తవం వేరు.

ఆనాటి జీవరసాయన శాస్త్రజ్ఞుల దృష్టిలో శాస్త్రం అంటే ప్రయోగం. ప్రయోగశాలలో ఒక ప్రోటీన్‌ను శుద్ధిచేసి, దాని అనుక్రమాన్ని కనుక్కున్నవాడు శాస్త్రజ్ఞుడు. ఇతరులు కనుక్కున్న వాటిని పోగుచేసేవారిది గ్రంథాలయ పనిలా కనిపించేది. 1969లో ప్రసిద్ధ జీవరసాయన శాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్సాల్ ఆమెకు ఒక ఉత్తరం రాశారు. అమెరికా జీవరసాయన శాస్త్రజ్ఞుల సంఘంలో ఆమె సభ్యురాలు కావాలని తాను వ్యక్తిగతంగా భావిస్తున్నా, ఎన్నికయ్యే నమ్మకం లేదని చెప్పారు. అభ్యర్థి స్వయంగా చేసిన పరిశోధనను సంఘం చూస్తుందనీ, అట్లాస్ సంకలనం ఆ కోవలోకి రావడం కష్టమనీ ఆయన వివరించారు. ఆయన ఆమెను కించపరచలేదు. ఉన్న పద్ధతిని ఉన్నట్లు చెప్పారు. అందుకే చరిత్ర విద్యార్థికి ఆ ఉత్తరం మరింత విలువైనది.

నిధుల విషయంలోనూ ఇదే ఇబ్బంది. కొత్త ప్రయోగానికి నిధులు అడిగితే ఒక కాలపరిమితికి ఇస్తారు. దత్తాంశ సేకరణ ఎప్పటికీ ముగియదు. ఏటా కొత్త అనుక్రమాలు చేర్చాలి, పాతవి దిద్దాలి. ఇలాంటి పనికి ఏ పద్దు కింద నిధులు ఇవ్వాలో నిధులిచ్చే సంస్థలకే తెలియలేదు.

అయినా గుర్తింపు అసలు రాలేదని చెప్పడం సరికాదు. జార్జిటౌన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో శరీరధర్మశాస్త్రం, జీవభౌతికశాస్త్రం ప్రొఫెసర్‌గా సుమారు 13 ఏళ్లు బోధించారు. బయోఫిజికల్ సొసైటీలో కార్యదర్శిగా, తరవాత 1980-81లో అధ్యక్షురాలిగా పనిచేశారు. ఆ సంఘంలో పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

9.9 దత్తాంశం ఎవరిది?

నిధుల కొరత మరో సమస్యకు దారితీసింది. ఫౌండేషన్ అట్లాస్‌ను అమ్మి, ఆ డబ్బుతో పని కొనసాగించేది. 1970లలో సమాచారాన్ని అయస్కాంత టేపుల మీద కూడా అందించింది. 1980 సెప్టెంబరు నుంచి టెలిఫోన్ లైను ద్వారా దూరంలోని కంప్యూటర్లు ఈ దత్తాంశ నిధిని వాడుకునే ఏర్పాటు చేసింది. ఇంటర్నెట్ జనానికి అందని రోజుల్లో ఇది గొప్ప ముందడుగు. కాని కొన్నవారు దాన్ని ఇతరులకు పంచకూడదన్న షరతు ఉండేది.

ప్రయోగశాలల్లో దీనిపై అసంతృప్తి పెరిగింది. 'అనుక్రమం కనుక్కున్నది మేము, ఉచితంగా ఇచ్చింది మేము, మళ్లీ మేమే డబ్బు పెట్టి కొనాలా?' అన్నది వారి వాదన. దీనిలో న్యాయం ఉంది. 'సరిచూసి, వర్గీకరించి, కంప్యూటరులోకి ఎక్కించడానికి జీతాలు ఎవరిస్తారు?' అన్నది ఫౌండేషన్ వైపు ప్రశ్న. దీనిలోనూ న్యాయం ఉంది.

ఈలోగా 1977లో డీఎన్ఏను వేగంగా చదివే పద్ధతులు వచ్చాయి. అనుక్రమాలు వరదలా రావడం మొదలైంది. వాటికి ఒక జాతీయ దత్తాంశ నిధి కావాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది. డేహాఫ్ బృందం పోటీపడింది. ఆమెకు అప్పటికి రెండు దశాబ్దాల అనుభవం ఉంది. అయినా 1982లో ఆ ఒప్పందం బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థకు, దానితో కలిసి పనిచేసే లాస్ అలమోస్ ప్రయోగశాలకు దక్కింది. అక్కడ వాల్టర్ గోడ్ బృందం సమాచారాన్ని ఎలాంటి ఆంక్షలూ లేకుండా కంప్యూటరు వలయం ద్వారా పంచడానికి సిద్ధపడింది. అదే 'జెన్‌బ్యాంక్'.

ఈ నిర్ణయాన్ని ఎలా చూడాలి? అనుభవానికి అన్యాయం జరిగిందని కొందరు అంటారు. బహిరంగంగా పంచుకోవడమే శాస్త్రానికి మేలు చేసిందని మరికొందరు అంటారు. ఒకటి మాత్రం నిజం. సమాచారం అందరిదీ కావాలంటే దాన్ని నిర్వహించే ఖర్చు ప్రజాధనం నుంచి రావాలి. డేహాఫ్‌కు ఆ ఆసరా నిలకడగా దొరకలేదు. జెన్‌బ్యాంక్‌కు మొదటి నుంచీ దొరికింది. రెండింటినీ పోల్చేటప్పుడు ఈ తేడాను మరవకూడదు.

9.10 చివరి రోజులు, వారసత్వం

ఒప్పందం చేజారినా డేహాఫ్ పని ఆపలేదు. ప్రోటీన్ల దత్తాంశ నిధిని శాశ్వత ప్రాతిపదికన నడపడానికి నిధులు కోరుతూ ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు కొత్త ప్రతిపాదన పంపారు. పంపిన వారంలోపే, 1983 ఫిబ్రవరి 5న గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆమె వయసు 57.

ఆమె సహచరులు పనిని కొనసాగించారు. 1984లో 'ప్రోటీన్ ఇన్ఫర్మేషన్ రిసోర్స్' ఏర్పడింది. స్విట్జర్లాండ్‌లో ఏమాస్ బైరోక్ 1986లో స్విస్-ప్రాట్‌ను మొదలుపెట్టినప్పుడు ఈ సమాచారాన్నే పునాదిగా తీసుకున్నారు. 2002లో ఇవి కలిసి 'యూనిప్రాట్' అయ్యాయి. ఈ భాగం ఆరంభంలో మీ ఫోనులో తెరవమన్నది దాన్నే. 1965 నాటి 65 అనుక్రమాల పుస్తకానికీ దానికీ మధ్య ఉన్న దారి తెగలేదు.

బయోఫిజికల్ సొసైటీ 1984 నుంచి ఆమె పేరిట, విద్యా జీవితం తొలి దశలో ఉన్న మహిళా పరిశోధకులకు అవార్డు ఇస్తోంది. ఒకప్పుడు విరామం కారణంగా ప్రశ్నలు ఎదుర్కొన్న వ్యక్తి పేరు, ఇప్పుడు కొత్తగా ఈ రంగంలోకి వచ్చే మహిళలకు ఆసరాగా నిలవడం గమనించదగ్గది.

9.11 సారాంశం

గణితంలో పట్టా, క్వాంటమ్ రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందిన మార్గరెట్ డేహాఫ్, వ్యాపార యంత్రాలతో అణువుల లెక్కలు చేయడం దగ్గర మొదలై ప్రోటీన్ల పరిణామాన్ని లెక్కించడం వరకు వెళ్లారు. కాంప్రోటీన్ (1962), అట్లాస్ (1965), ఒంటి అక్షరం సంకేతాలు, పామ్ మాత్రికలు (1978) ఆమె ముఖ్యమైన కృషి. ప్రయోగానికే విలువ ఇచ్చే కాలంలో సేకరణ, పోలిక కూడా శాస్త్రమేనని ఆమె పని నిరూపించింది. 1982లో జెన్‌బ్యాంక్ ఒప్పందం ఆమెకు దక్కకపోవడం వెనక నిధుల సమస్య, సమాచార యాజమాన్యం సమస్య రెండూ ఉన్నాయి. ఆమె ప్రారంభించిన నిధి ఇవాళ యూనిప్రాట్‌లో భాగంగా అందరికీ ఉచితంగా అందుతోంది.

9.12 ముఖ్య పదాలు

అనుక్రమం : ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు ఒకదాని తరవాత ఒకటి ఉండే వరస.
దత్తాంశ నిధి : సమాచారాన్ని క్రమపద్ధతిలో దాచి, వెతకడానికి వీలుగా అమర్చిన భాండారం.
ఉత్పరివర్తన : జన్యు పదార్థంలో వచ్చే మార్పు. దీనివల్ల ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లం మారవచ్చు.
పామ్ : 100 అమైనో ఆమ్లాలకు ఒక ఆమోదిత మార్పును సూచించే పరిణామ దూరపు కొలత.
మహాకుటుంబం : ఒకే మూలం నుంచి వచ్చాయని భావించే ప్రోటీన్ కుటుంబాల సముదాయం.

9.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 వరసల్లో సమాధానం రాయండి.
1. మార్గరెట్ డేహాఫ్ విద్యా జీవితాన్ని వివరించి, బయోఇన్ఫర్మాటిక్స్ ఆవిర్భావంలో ఆమె పాత్రను అంచనా వేయండి.
2. 'సమాచార సేకరణ కూడా పరిశోధనే.' డేహాఫ్ అనుభవాల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 వరసల్లో సమాధానం రాయండి.
1. కాంప్రోటీన్ పనిచేసే పద్ధతిని మీ సొంత ఉదాహరణతో వివరించండి.
2. ఒంటి అక్షరం సంకేతాల ఎంపికలో పాటించిన సూత్రాలు ఏవి?
3. జెన్‌బ్యాంక్ ఒప్పందం విషయంలో ఇరుపక్షాల వాదనలను తెలపండి. మీ అభిప్రాయం ఏమిటి?

సమీక్షా ప్రశ్నలకు సూచనలు
సమీక్ష 1 : (1) ఒక వరస ముక్కల అతుకులను రెండో వరస ముక్కలు చూపుతాయి. (2) మనసరవి.
సమీక్ష 2 : (1) కొన్ని మార్పులు సులువుగా నిలుస్తాయి, కొన్ని నిలవవు. (2) ట్రిప్టోఫాన్ అరుదుగా కనిపిస్తుంది, అరుదుగా మారుతుంది. కనుక రెండు అనుక్రమాల్లో ఒకే స్థానంలో కనిపిస్తే అది బంధుత్వానికి బలమైన సాక్ష్యం.